మట్టికోట దాకా వారసత్వ ప్రాంతం: ఖిలా వరంగల్ హద్దుల విస్తరణపై చర్చ

ఏకశిల (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. ఖిలా వరంగల్‌లోని మధ్యకోట, తూర్పుకోట, పడమరకోట వాసులు కొందరు, శివనగర్ యువకులు కొందరు, నాలాంటి విశ్రాంత అధ్యాపకులు ఒకరిద్దరు కలిసి బల్దియాకూ (నగరపాలక సంస్థకూ), కుడాకూ (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థకూ) ఇవ్వడానికి ఒక వినతిపత్రం సిద్ధం చేస్తున్నాం. సంతకాలకు బయలుదేరే ముందు అందులోని ముఖ్యాంశాన్ని ఇక్కడ పెట్టి, లోపాలుంటే ఇక్కడే తెలుసుకోవాలని నా ఉద్దేశం.

కోట గురించి ఈ వేదికలోని వారికి కొత్తగా చెప్పవలసింది లేదు. అయితే మాట్లాడుకునేది హద్దుల గురించి కాబట్టి కొలతలు ఒకసారి గుర్తు చేస్తాను. గణపతిదేవుడు మొదలుపెట్టగా రుద్రమదేవి పూర్తి చేయించిందని చెప్పే రాతికోట అడ్డుకొలత సుమారు 1.2 కిలోమీటర్లు. దానికి 45 బురుజులు, చుట్టూ అగడ్త ఉన్నాయి. దాని వెలుపల సుమారు 2.4 కిలోమీటర్ల అడ్డుకొలతతో మట్టికోట ఉంది. ఆ రెండింటికీ ఆవల, హన్మకొండను కూడా కలుపుకొని, సుమారు 12.5 కిలోమీటర్ల అడ్డుకొలతతో మూడో మట్టికట్ట ఉండేదని పరిశోధకులు గుర్తించారు. నగరం పెరిగిన కొద్దీ ఆ మూడోది చాలా చోట్ల రోడ్ల కిందికీ కాలనీల కిందికీ వెళ్లిపోయింది. రెండోదానికి కూడా అదే గతి పట్టకముందే ఏదైనా చేయాలన్నది మా ఆరాటం.

బయటి నుంచి వచ్చిన సందర్శకుడు నాలుగు కీర్తి తోరణాలనూ, వాటి మధ్య ఉన్న స్వయంభూ దేవాలయ శిథిలాలనూ, ఖుష్ మహల్‌నూ చూసి, ఓపిక ఉంటే ఏకశిల గుట్ట ఎక్కి వెళ్లిపోతాడు. రక్షణ కూడా చాలా వరకు ఆయన చూపు వెళ్లే దారిలోనే నడుస్తోంది. గోడకూ గోడకూ నడుమ ఉన్న వీధులు, బావులు, చెరువులు, పొలాలు, పాత ఇళ్లు ఎవరి లెక్కలోకీ రావడం లేదు. కాబట్టి మట్టికోటతో సహా దాని లోపలి నేలనంతటినీ, దానితో పాటు శివనగర్ మెట్లబావినీ ఒకే వారసత్వ ప్రాంతంగా గుర్తించి, మాస్టర్ ప్లాన్‌లో గీత గీసి, ఆ ప్రాంతానికంటూ ప్రత్యేక నిబంధనలు రాయాలని కోరుతున్నాం. మీ అభిప్రాయాలు నిర్మొహమాటంగా చెప్పండి.

తూర్పుకోట కోడలు

మాస్టారు గారూ, మీ ఉద్దేశం మంచిదే. కానీ నిబంధనలు అనే మాట వినగానే మా వాడలో సగం మంది తలుపులు వేసుకుంటారని ముందే చెబుతున్నాను. మాది అత్తగారి కాలం నాటి పెంకుటిల్లు. దూలం పుచ్చి, వానాకాలంలో వంటింట్లో గిన్నెలు పరుచుకునే పరిస్థితి వచ్చాక, కొత్త గది కాదు, పైకప్పు బాగు చేసుకుంటామని దరఖాస్తు పెట్టుకున్నాం. ఒక కార్యాలయంలో పాత ఇంటి పన్ను రశీదులు లేవని తిప్పి పంపారు, అవి వెతికి తీసుకువెళ్లాక ఈ పని మాది కాదు, ఇంకో చోటికి వెళ్లండని అన్నారు. ఆ మధ్యలో మా పక్కింటివారు ఎవరినీ అడగకుండానే స్లాబు వేసుకున్నారు. అడిగినవాళ్లం తడుస్తున్నాం, అడగనివాళ్లు పొడిగా ఉన్నారు.

ఇంకో సంగతి కూడా రాయాలి. మా పెరట్లో నల్లా దగ్గర చెక్కుడు రాయి ఒకటి ఉంది. ఒక అంచున తామర రేకులు, వాటి కింద వరుసగా హంసలు ఉంటాయి. వెనుక వైపు నున్నగా అరిగిపోయింది, ఎందుకంటే మా అత్తగారు, వారి అత్తగారు దాని మీదనే బట్టలు ఉతికారు. ఫోటోలు తీసుకోవడానికి వచ్చినవారు అయ్యో అని నొచ్చుకుంటారు. కానీ ఆ రాయికి డబ్బు ఇస్తామన్నవారు వచ్చినప్పుడు ఇవ్వం పొమ్మన్నది మా ఇంటివాళ్లే. ఇన్ని తరాలు దానిని కోట దాటనీయకుండా కాపాడినవాళ్లను ఆక్రమణదారులు అన్నట్టు కాగితాలలో రాయకండి. ముందు ఆ భాష మార్చి, తరువాత సంతకం అడగండి.

వకీలు సుబేదారి

సోదరి చెప్పిన ఇబ్బందికి మూలం చట్టంలో ఎంత ఉందో, చట్టం తెలియకపోవడంలో ఎంత ఉందో విడదీసి చూడటం అవసరం. 1958 నాటి పురాతన కట్టడాల చట్టాన్ని 2010లో సవరించినప్పుడు, కేంద్ర రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతమనీ, అక్కడి నుంచి మరో 200 మీటర్ల వరకు నియంత్రిత ప్రాంతమనీ చట్టంలోనే రాశారు. నిషిద్ధ ప్రాంతంలో కొత్త నిర్మాణానికి అనుమతి రాదు. కానీ మరమ్మతుకు వస్తుంది. 1992 జూన్ 16కు ముందు నుంచీ ఉన్న ఇల్లు అయితే, లేదా ఆ తరువాత తగిన అనుమతితో కట్టినది అయితే, బాగు చేసుకుంటామని యజమాని దరఖాస్తు పెట్టుకునే హక్కు చట్టమే ఇచ్చింది. దరఖాస్తు వెళ్లవలసింది బల్దియాకు కాదు, ఈ చట్టం కింద నియమితుడైన అధికారికి. ఆయన 15 రోజులలో దానిని జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థకు పంపాలి, ఆ సంస్థ రెండు నెలలలో తన సిఫారసు తెలపాలి, అది అందిన నెలలోగా ఆయన అవుననో కాదనో చెప్పాలి.

కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్నది కోట లోపల ఎందుకు నడవడం లేదంటే, 1992కు ముందు ఇల్లు ఉందని చూపడానికి మనవాళ్ల దగ్గర ఆధారాలు లేవు. పాత ఇంటి పన్ను రశీదు, కరెంటు బిల్లు, పహాణీ నకలు, అప్పటి ఓటర్ల జాబితాలో ఇంటి నంబరు, వీటిలో ఏదో ఒకటి ప్రతి ఇంటికీ ఎక్కడో ఉంటుంది. వాటిని ఇంటింటికీ వెతికి ఒక చోట పెట్టడం సంతకాల సేకరణ కంటే ముందు జరగవలసిన పని అని నా అభిప్రాయం. అనుమతి లేకుండా కట్టినవారికి రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. పక్కింటివారు పొడిగా ఉన్నారని ఎవరూ వారిని చూసి ధైర్యం తెచ్చుకోవద్దు.

ఏకశిల గారికి ఒక సూచన. అదే చట్టంలో, ఒక్కొక్క కట్టడానికి దాని పరిసరాలను బట్టి వారసత్వ ఉపనియమాలు రాసుకునే వీలు ఉంది. ఇంటాక్ వంటి నిపుణుల సంస్థలతో సంప్రదించి ముసాయిదా తయారుచేసి, ప్రజల అభ్యంతరాలు అడిగిన తరువాతనే వాటిని ఖరారు చేస్తారు. ఇంటి ఎత్తు, ముఖభాగం, మోరీలు, కరెంటు తీగల వరకు అందులోకి తేవచ్చు. మనం కోరేది కొత్త నిషేధం కాదు, ఉన్న నిషేధానికి ఊరికి సరిపడే నియమాలు అన్నట్టుగా వినతిపత్రం రాస్తే తూర్పుకోట తలుపులు తెరుచుకుంటాయి.

కరీమాబాద్ కుర్రాడు

వకీలు గారూ, ఆ 100 మీటర్లను ఎక్కడి నుంచి కొలుస్తారు? తోరణం నుంచా, కోటగోడ నుంచా?

వకీలు సుబేదారి

కట్టడం రాయి నుంచి కాదు, రక్షిత ప్రాంతంగా ప్రకటించిన హద్దు నుంచి కొలవాలి. ఆ తేడా ఖిలా వరంగల్‌లో చాలా పెద్దది. గోడ వృత్తాకారంగా ఉంది కాబట్టి కొలత గోడకు లోపలి వైపూ వర్తిస్తుంది, బయటి వైపూ వర్తిస్తుంది. మధ్యలో తోరణాల ఆవరణకు ఇంకో కొలత ఉంటుంది. ఈ వలయాలు ఒకదాని మీద ఒకటి పడిన చోట ఎవరి ఇల్లు ఎందులో ఉందో పటం లేకుండా చెప్పడం నాకే కష్టం.

రాతిపని

నేను కట్టడాల మరమ్మతు పనులలో చాలాకాలం ఉన్నవాడిని. ఈ చర్చలో మట్టికోట పేరు శీర్షికలో ఉంది గానీ దాని ఆరోగ్యం గురించి ఇంతవరకు ఎవరూ మాట్లాడలేదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

రాతిగోడను మనం కాపాడినా కాపాడకపోయినా కొంతకాలం తన బలం మీద తాను నిలబడుతుంది. సున్నం లేకుండా పెద్ద పెద్ద రాళ్లను ఒకదానికొకటి ఒదిగేలా చెక్కి పేర్చిన గోడ అది. దగ్గరికి వెళ్లి చూస్తే చాలా రాళ్ల అంచున వరుసగా చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. బండను చీల్చడానికి చీలలు దిగగొట్టిన గుర్తులవి. అటువంటి గోడ సందులలో సిమెంటు కూరితే లోపలికి చేరిన నీరు బయటికి వచ్చే దారి మూసుకుపోతుంది. రాతికోట విషయంలో నా విన్నపం ఒక్కటే, ఉత్సాహంతో సిమెంటు పూయవద్దు.

మట్టికోట సంగతి వేరు. అది చూడటానికి గుట్టలా ఉంటుంది కాబట్టి దానిని కోట అని ఎవరూ అనుకోరు. ఇల్లు కట్టేవాడికి అది ఉచితంగా దొరికే మొరం, జేసీబీ ఒక రాత్రి పని చేస్తే చాలు. అంతకంటే నెమ్మదిగా జరిగే నష్టం ఇంకొకటి ఉంది. కట్ట మీదుగా దగ్గరి దారి కోసం జనం నడిచి నడిచి ఒక చోట గడ్డి పోతుంది. గడ్డి పోయిన చోట వాననీరు చాలు తీస్తుంది. ఆ చాలు రెండు మూడు వానాకాలాలలో మనిషి దిగేంత లోతు అవుతుంది. అప్పుడు అది ఎలాగూ తెగిపోయింది కదా అని అక్కడే బండ్ల బాట పడుతుంది, బాట పక్కన రేకుల షెడ్డు లేస్తుంది. దీనికి మందు ఖరీదైనది కాదు. దాటడానికి రెండు మూడు చోట్ల మెట్లు కట్టి మిగిలిన దారులు మూయడం, కట్ట మీద గడ్డిని నిలుపుకోవడం, అడుగున నీరు నిలవకుండా కాలువ తీయడం చాలు. బతుకమ్మ ముందు గునుగు, తంగేడు పూల కోసం వెళ్లే ఆడవాళ్లకు ఏ కట్ట ఎక్కడ తెగిందో తెలిసినంతగా ఏ ఇంజనీరుకూ తెలియదు. వాళ్లను అడిగి పటం గీయండి.

అనుమతులు, నిధుల సంగతి వస్తే, వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పదీస్తే తిరిగి నిలబెట్టి భక్తులకు తెరిచింది 2024లో. పునాది బలహీనపడిందని విప్పారు, ఇసుక పునాది పద్ధతి తెలిసినవారు దొరకాలి, పడిపోయిన రాళ్లకు జోడి రాళ్లు చెక్కించాలి, డబ్బు రావాలి. ఒక్క మండపానికే అంత కాలం పట్టిన చోట, కిలోమీటర్ల పొడవున ఉన్న మట్టికట్టను ఎవరో వచ్చి బాగు చేస్తారని ఎదురుచూడటం కంటే, తెగకుండా చూసుకోవడమే నయం.

కొత్తవాడ నేత

ఏకశిల గారి ప్రతిపాదన చదివాక నాకొక అభ్యంతరం కలిగింది. వారసత్వం అంటే కాకతీయులే అన్నట్టు, చరిత్ర 1323లో ఆగిపోయినట్టు ఉంది. ఖుష్ మహల్ కాకతీయులది కాదు. కోట ద్వారాలలో తరువాతి పాలకులు చేర్చిన భాగాలున్నాయి. ఇవాళ మనం వరంగల్ అని పిలుచుకునే ఊరు, అంటే మండీ బజారు, స్టేషన్ రోడ్డు, కాజీపేట జంక్షన్, మా కొత్తవాడ మగ్గాలు, వీటిలో ఎక్కువ భాగం నిజాం కాలంలో రూపు దిద్దుకున్నదే. హద్దు విస్తరించాలంటే నేల మీదనే కాదు, కాలంలోనూ విస్తరించాలి.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, ఈ తరం కళ్ల ముందే రెండు పోయాయి. 1934లో మొదలైన ఆజంజాహీ మిల్లు ఈ ఊరిలో వేల కుటుంబాలకు అన్నం పెట్టింది. మిల్లు మూతపడ్డాక దాని భూమి ప్లాట్లయింది. ఒక మిల్లు చుట్టూ పెరిగిన నగరానికి ఆ మిల్లు ఎలా ఉండేదో పిల్లలకు చూపించడానికి ఇవాళ చెప్పుకోదగ్గ కట్టడం లేదు. రెండోది వరంగల్ సెంట్రల్ జైలు. నిజాం కాలం నాటి ఆ జైలును 2021లో కూల్చి పెద్దాసుపత్రికి స్థలం ఇచ్చారు. ఆసుపత్రి వద్దని ఎవరూ అనరు, నేనూ అనను. కానీ కూల్చే ముందు ఒక్క భాగాన్నైనా ఉంచవచ్చా అన్న చర్చ జరగడానికి ఒక వేదిక గానీ, ఒక జాబితా గానీ లేకపోయింది. కట్టడం ఏ జాబితాలోనూ లేకపోతే దాని తరఫున అడగడానికి ఎవరికీ ఆధారం ఉండదు.

మా కొత్తవాడ దరీలకు, అంటే నేత జంపఖానాలకు, 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దరీకి గుర్తింపు ఉంది, దానిని నేసే గుంత మగ్గం ఉన్న ఇంటికి లేదు. ఆ ఇల్లు పడగొట్టి మూడంతస్తులు లేపితే మగ్గం ఎక్కడ పెట్టాలి? వారసత్వ ప్రాంతం అన్నప్పుడు ఈ ప్రశ్న కూడా అందులోకి రావాలి.

ఏకశిల

కొత్తవాడ మిత్రులు చెప్పిన దానిలో న్యాయం ఉంది, ముఖ్యంగా జైలు విషయంలో. అయినా ఒకే వినతిపత్రంలో కోట, మండీ బజారు, మిల్లు, మగ్గాలు అన్నీ పెడితే అధికారులు దానిని చదివి, చాలా బాగుంది అని మెచ్చుకొని, అల్మారాలో పెడతారన్నది నా భయం. గీత ఎక్కడ గీయాలో చూపించగలిగిన పత్రానికే జవాబు అడిగే హక్కు ఉంటుంది. మట్టికోట నేల మీద కనిపించే హద్దు కాబట్టి దానిని ఎంచుకున్నాం. నిజాం కాలపు కట్టడాలకు ప్రాంతం కంటే జాబితా సరైన పద్ధతి అనిపిస్తుంది, ఎందుకంటే అవి నగరమంతా చెదిరి ఉన్నాయి. సుబేదారిలోని కలెక్టరు బంగళా ఒక మూల, కాజీపేట రైల్వే కట్టడాలు మరో మూల. రెండు పనులూ చేయాలి, కానీ రెండు వేరువేరు కాగితాలుగా చేయాలి.

కొత్తవాడ నేత

వేరు కాగితం అంటే తరువాతి కాగితం అని అర్థం కాకూడదు. రెండూ ఒకే రోజు ఇస్తామంటే నేను ఒప్పుకుంటాను.

ప్లాటు యజమాని

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి రెండో వైపు నేను రాస్తాను. మట్టికోట దగ్గర నాకు ఒక ప్లాటు ఉంది. రిజిస్ట్రేషన్ అయింది, బ్యాంకు అప్పు ఇచ్చింది. అమ్మినవాడు గానీ, దస్తావేజు రాసినవాడు గానీ అక్కడ ఏ ఆంక్ష ఉందనీ చెప్పలేదు. ఇప్పుడు మీరు గీసే గీత నా ప్లాటు మీదుగా వెళితే దాని విలువ ఏమవుతుందో, కొనేవాడు ఎవరో చెప్పగలరా? రాతిపని గారు జేసీబీల గురించి రాశారు. రాత్రిపూట మట్టి ఎత్తుకుపోయేవాడికి ఏ గీతా అడ్డం రాదు. పగటిపూట అనుమతికి వెళ్లే నాలాంటివాడికే అది అడ్డం వస్తుంది.

వారసత్వ నగరాల అభివృద్ధికి కేంద్రం 2015 నుంచి 2019 దాకా నడిపిన హృదయ్ పథకంలో దేశంలోని 12 నగరాలలో వరంగల్ ఒకటి. తరువాత స్మార్ట్ సిటీ వచ్చింది. నడకబాటలు, దీపాలు, చెరువుగట్టు అందాలు వచ్చాయి, కాదనను. వాటి వలన సందర్శకుడికి సౌకర్యం పెరిగింది. పక్కన ఉండేవాడి ఇంటికి ఏమి ఒరిగిందో ఎవరైనా లెక్క చెబితే వింటాను.

పాతపటం

నేను ఆర్కిటెక్టును, ఊరు హన్మకొండ. ప్లాటు యజమాని గారి ప్రశ్న పక్కన పెట్టదగినది కాదు. ప్రజల కోసం ఒక మనిషి తన నేల మీద తక్కువ కట్టుకోవలసి వస్తే, ఆ తగ్గిన మేరకు ప్రజలు అతనికి ఏదో ఒక రూపంలో చెల్లించాలి. దీనికి మన దేశంలోనే నడుస్తున్న పద్ధతి ఉంది. 2017లో ప్రపంచ వారసత్వ నగరమైన అహ్మదాబాద్ పాతబస్తీలో, పాత ఇంటిని నిలిపి ఉంచుకున్న యజమాని తాను కట్టుకోకుండా వదిలిన అంతస్తుల హక్కును నగరంలో మరో చోట కట్టేవారికి అమ్ముకోవచ్చు, వచ్చిన డబ్బుతో ఇల్లు బాగు చేసుకోవచ్చు. దీనినే టీడీఆర్ అంటారు. రోడ్ల వెడల్పులో స్థలం పోయినవారికి మన దగ్గరా టీడీఆర్ ఇస్తున్నారు. దానినే వారసత్వ ప్రాంతానికి కూడా వర్తింపజేయమని అడగడం కొత్త కోరిక కాదు. అయితే టీడీఆర్ కొనేవాడు ఉంటేనే విలువ. వరంగల్‌లో ఎత్తైన భవనాల గిరాకీ హైదరాబాద్ అంత లేదు, కాబట్టి దాని ఒక్కదాని మీదనే ఆధారపడకూడదు. ఇంటి పన్నులో మినహాయింపు, మరమ్మతుకు తక్కువ వడ్డీ అప్పు కూడా అడగాలి.

రెండో విషయం, మాస్టర్ ప్లాన్‌లో గీత ఒక్కటే సరిపోదు. హైదరాబాద్‌లో వారసత్వ భవనాల జాబితాకు ఆధారంగా ఉన్న, నగరాభివృద్ధి నిబంధనలలోని 13వ నియమాన్ని 2015లో ఒక్క ఉత్తర్వుతో తీసేశారు, అంతటితో ఆ జాబితాకు అండ పోయింది. ఉత్తర్వుతో వచ్చింది ఉత్తర్వుతోనే పోతుంది. ఆ తరువాత 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. విడి కట్టడాలనే కాక వారసత్వ భవనాలనూ ప్రాంతాలనూ గుర్తించే ఆలోచన ఆ చట్టంలో ఉంది. మన వినతిపత్రం కుడాకు ఎంత వెళ్లాలో, ఆ చట్టం కింద రాష్ట్ర వారసత్వ శాఖకు కూడా అంతే వెళ్లాలి.

మూడోది నా వృత్తికి సంబంధించినది. గీత లోపల అంతటా ఒకే నియమం పెట్టవద్దు. రాతికోట లోపల ఒక పద్ధతి, రాతికోటకూ మట్టికోటకూ నడుమ ఇంకో పద్ధతి, మట్టికట్టకు ఆనుకొని ఇరువైపులా ఉన్న పట్టీకి మరో పద్ధతి ఉండాలి. ఆ నడిమి భాగంలో రెండంతస్తుల ఇల్లు వలన చరిత్రకు వచ్చే నష్టం తక్కువ. ఏకశిల గుట్ట ఎక్కి నాలుగు వైపులా చూస్తే ఏ వైపు చూపు తెరిచి ఉండాలో, ఏ వైపు ఇళ్లు లేచినా ఫరవాలేదో కంటికే తెలుస్తుంది. ఒక సాయంత్రం పటం చేతిలో పట్టుకొని వెళ్లి ఆ చూపు దారులను గుర్తు పెట్టుకోవాలని నా ఆలోచన.

ఎలగందుల దారి

మాది కరీంనగర్. మీ చర్చను మొదటి నుంచీ చదువుతున్నాను. మానేరు ఒడ్డున ఉన్న మా ఎలగందుల ఒకప్పుడు జిల్లా కేంద్రం. 1905లో కేంద్రం కరీంనగర్‌కు మారింది, దానితో పాటు కచేరీలూ వ్యాపారాలూ మారాయి. కొండ మీద కోట మిగిలింది గానీ కింద ఉన్న ఊరికి పాత కళ లేదు. కోటకు ఆంక్షలు వేసి ఊరిని వెళ్లగొట్టాలనే ఆలోచన ఎవరికైనా ఉంటే ఒకసారి మా వైపు వచ్చి చూడమనండి. మనుషులు రోజూ తిరగని కోటలో ముళ్లకంపలు కొట్టించడానికే ప్రతి ఏడాదీ ఎవరినో బతిమాలుకోవాలి. మీ కోటలో పాల బండి తిరుగుతోంది, బడి గంట వినిపిస్తోంది. ఆ ఊరు అక్కడే ఉండాలని వినతిపత్రంలో మొదటి వాక్యంగా రాయండి.

తూర్పుకోట కోడలు

ఎలగందుల అన్నగారికి కృతజ్ఞతలు. ఆ వాక్యం ఉంటే మా వాడలో సంతకాలు నేను చేయిస్తాను. ఇంకా రెండు చేర్చండి. మా వార్డులోనే ఒక గదిలో, వారంలో ఒక రోజు, మరమ్మతు దరఖాస్తులు రాసి పెట్టేవారు కూర్చోవాలి. ఎవరి ఇల్లు ఏ వలయంలో పడిందో చూపే పటం ఆ గది గోడకు ఉండాలి. తెలుగులో ఉండాలి, ఇంటి నంబర్లతో ఉండాలి. వకీలు గారు చెప్పిన 1992 జూన్ 16 అనే తేదీని నేను ఇప్పుడే మొదటిసారి విన్నాను. కోటలోనే కాపురం చేస్తూ నా ఇంటి భవిష్యత్తును తేల్చే తేదీని ఇలా ఒక వేదికలో చదివి తెలుసుకోవలసి రావడం నాకు కష్టంగా అనిపించింది.

పాత రశీదుల సేకరణకు మా మహిళా సంఘాలు ముందుకు వస్తాయి. ఆ కాగితాలు బీరువాలలో, పెట్టెల అడుగున ఆడవాళ్ల చేతిలోనే ఉంటాయి. మగవాళ్లు వచ్చి అడిగితే భూమి గొడవ అనుకొని ఎవరూ తీయరు.

కరీమాబాద్ కుర్రాడు

కాగితాలను ఫోన్‌లో స్కాన్ చేసి ఇంటి నంబరు వారీగా పెట్టే పని నేనూ నా మిత్రులూ చేస్తాం. అసలు కాగితం ఇంటి గడప దాటకుండా, అక్కడికక్కడే ఫోటో తీసుకొని తిరిగి ఇచ్చేస్తాం.

రామప్ప బాటసారి

ప్రపంచ వారసత్వం మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను. 2014లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి వెళ్లినప్పుడు వేయిస్తంభాల గుడి, స్వయంభూ ఆలయం తోరణాలు, రామప్ప ఈ మూడూ కలిసే వెళ్లాయి. 2021 జూలైలో గుర్తింపు వచ్చింది మాత్రం పాలంపేటలోని రామప్ప ఒక్కదానికే. పల్లెలో, చెరువు పక్కన, చుట్టూ పొలాల మధ్య ఉన్న గుడికి పరిసరాలను కాపాడి చూపడం తేలిక. నగరం నడుమ ఉన్న గుడికీ కోటకూ అది తేలిక కాదు. మిగిలిన రెండింటికీ అదే ప్రధాన బలహీనత అని నా అభిప్రాయం. మళ్లీ ప్రయత్నించే రోజు వస్తే, తోరణాలు ఎంత గొప్పవో కొత్తగా నిరూపించనవసరం లేదు. అవి ఇప్పటికే రాష్ట్ర చిహ్నంలో ఉన్నాయి. చుట్టుపక్కల ఊరు ఏ పద్ధతిలో పెరుగుతోందని అడిగినప్పుడు చూపించడానికి మన దగ్గర ఒక కాగితం ఉండాలి. అందుకే ఈ విస్తరణకు నా మద్దతు.

ప్లాటు యజమాని

గుర్తింపు వస్తే భూముల ధరలు పెరుగుతాయని కూడా ఎవరో రాస్తారని ఎదురుచూశాను, రాయనందుకు సంతోషం. పాతపటం గారు మూడు పద్ధతులు అన్నారు. నా ప్లాటు నడిమి భాగంలో ఉంటే రెండంతస్తులు వస్తాయి, కట్టకు ఆనుకున్న పట్టీలో ఉంటే ఏమీ రావు. ఆ పట్టీ వెడల్పు ఎంత?

పాతపటం

ఇప్పుడు అంకె చెబితే అది నా ఊహ అవుతుంది. కట్ట కొన్ని చోట్ల వెడల్పుగా, కొన్ని చోట్ల కరిగిపోయి సన్నగా ఉంది. అసలు అంచు ఎక్కడో సర్వే చేస్తే గానీ పట్టీని కొలవలేము. సర్వే నంబర్ల పటం మీద కట్ట అంచును గీసి, అంచు దగ్గర ప్లాట్లు ఉన్నవారందరినీ పిలిచి చూపించిన తరువాతనే వెడల్పును ప్రతిపాదించాలని ఏకశిల గారిని కోరుతున్నాను.

ఏకశిల

మీ అందరి మాటలు చదివాక ముసాయిదాను ఇలా మారుస్తున్నాం. కోటలోని ఊరు అక్కడే కొనసాగాలన్నది మొదటి వాక్యం. ఆక్రమణ అనే మాట పత్రంలో ఎక్కడా ఉండదు, నివాసులు అని ఉంటుంది. మట్టికోట దాకా ఒకే ప్రాంతం, దానిలో పాతపటం గారు చెప్పినట్టు మూడు రకాల నియమాలు, టీడీఆర్‌తో పాటు పన్ను మినహాయింపు, వార్డులో సహాయ గది, తెలుగు పటం అన్నవి కోరికలు. పత్రం కుడాకూ బల్దియాకూ రాష్ట్ర వారసత్వ శాఖకూ వెళుతుంది. వారసత్వ ఉపనియమాల గురించి కేంద్ర పురావస్తు శాఖకు విడిగా లేఖ రాస్తాం, దాని ముసాయిదా వకీలు గారు చూసి పెడతారని ఆశిస్తున్నాను. నిజాం కాలపు కట్టడాల జాబితా కోసం రెండో పత్రాన్ని కొత్తవాడ మిత్రులు రాస్తారు, రెండూ ఒకే రోజు ఇస్తాం.

సంతకాలను వాయిదా వేస్తున్నాం. ముందుగా తూర్పుకోటలో రశీదుల సేకరణ, ఆ తరువాత మట్టికట్ట వెంట నడిచి తెగిన చోట్లన్నీ పటం మీద గుర్తించడం జరుగుతాయి. నడకకు వచ్చేవారు వచ్చే ఆదివారం ఉదయం 7 గంటలకు శివనగర్ మెట్లబావి దగ్గరికి రండి. రాతిపని గారు ముందు నడిస్తే బాగుంటుంది.

రాతిపని

వస్తాను. పొడవాటి టేపు, సర్వే పటం నకలు ఎవరైనా తేవాలి. కట్ట మీద కాలిబాట లేని చోట ఎవరూ కొత్తగా దారి చేయవద్దు, కింద నుంచే నడుద్దాం.

వకీలు సుబేదారి

లేఖ ముసాయిదా నేను చూసి పెడతాను. రశీదులలో 1992కు ముందువి దొరికిన ఇళ్ల నుంచి మొదటి మరమ్మతు దరఖాస్తులు పెడదాం. సోదరి ఇంటి పైకప్పుతోనే మొదలుపెడితే అది ఎలా నడుస్తుందో అందరికీ తెలుస్తుంది. ఆమె పాత రశీదుల నకళ్లు నాకు పంపమనండి.

ప్లాటు యజమాని

నడకకు నేను కూడా వస్తాను, నా ప్లాటు ఎక్కడ ఉందో మీరే చూడండి. సంతకం సంగతి మాత్రం పట్టీ వెడల్పు తేలిన తరువాతే.